గంజి పట్టని పోగు

కండెమ్మా, నువ్వు లేవన్న కబురు వచ్చిన పొద్దున నా రెండు చేతులకూ గంజి ఉంది. వీధిలో మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, పడుగు, చాపి ఉన్నాం. ఆ కొసన మీ నాయన, ఈ కొసన నేను, నడుమ ఇరుగుపొరుగు వాళ్లు కుంచెలు పట్టుకొని ఉన్నారు. ఫోను మోగితే నా చేతులు తడి అని పక్కింటక్క దాన్ని నా చెవికి ఆనించి పట్టుకుంది. అవతల నీ కోచ్ సారు.

“అమ్మా, పాపకు ఘాట్ రోడ్డులో కొంచెం బాగలేకుండా అయింది. మీరు బయల్దేరి రాండి” అన్నాడు.

“పొద్దున ఏమన్నా తినిందా సార్?” అని అడిగాను. నా నోటికి మొదట వచ్చింది అదే.

ఫోనులో ఊపిరి తీసుకోవడం మాత్రం వినిపించింది. నాకు అప్పుడే తెలిసిపోయింది.

గంజి పెట్టిన పడుగును సగంలో వదలకూడదు. కుంచె తోయకుండా ఆరితే పోగుకు పోగు అతుక్కొని మొత్తం పాడవుతుంది. వీధివాళ్లు మా ఇద్దరినీ జీపు ఎక్కించి, మిగిలిన పని వాళ్లే ముగించారు. చావైనా పెళ్లైనా గంజి మీద ఉన్న పడుగును మా వీధి విడిచిపెట్టదు. బిడ్డలను అలా నడి పనిలో విడిచిపెట్టే మనుషులు ఉంటారని మాత్రం ఆ రోజు తెలిసింది.

చదివే మీకు ఇప్పుడు సంగతి చెప్పాలి. మా ఊరి దారిలో కట్టిన బ్యానరు మీలో కొందరు చూసే ఉంటారు. నా బిడ్డ ఫోటో చిన్నగా, సైకిలు పోటీల సంఘం పెద్దాయన ఫోటో పెద్దగా ఉంటుంది. దేశం కోసం ప్రాణమిచ్చిన వీరవనిత అని దాని మీద రాశారు. నా బిడ్డ దేశం కోసం పోలేదు. ఆకలితో పోయింది. ఇప్పుడు ఆమె పేరున ఆడపిల్లలకు కొండ మీద సైకిలు పందెం పెడతారట. ఆ పేరు వాడుకోవడానికి నేను ఒప్పుకోవాలట, జెండా ఊపాలట, వాళ్లు వేసే పుస్తకానికి రెండు మంచి మాటలు రాసివ్వాలట. నా దగ్గర మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని మళ్లీ వాళ్ల చేతికి ఇవ్వాలా వద్దా అన్నదే ఇన్నాళ్లూ నా బాధ. అందుకే వాళ్లకు ఆ రెండు మాటలు ఇవ్వక, మీకు ఇన్ని మాటలు రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకా చదివాను. అక్షరాలు దిద్దింది నా బిడ్డకు బడిలో పాఠం చెప్పిన టీచరమ్మ. అక్షరాలు దిద్దమ్మా, కోపం మాత్రం దిద్దొద్దు అని చెప్పి ఇచ్చాను.

కండె అంటే మగ్గం మీద ఆడే నాడె లోపల పెట్టే నూలు చుట్ట. నాడెతో పాటు అటూ ఇటూ పరుగెత్తడమే దాని పని. నా బిడ్డ నడక వచ్చిన నాటి నుంచి అలాగే తిరిగేది, అందుకే ఆ పేరు. సైకిలు నేర్చుకున్నదీ పడుగు పక్కనే. మా వీధి ఇరుకు. పడుగు చాపితే దానికీ గోడకూ నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి పోయేంత సందు మిగులుతుంది. ఆ సందులో వాళ్ల నాయన సైకిలు అడ్డతొక్కుడు తొక్కుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. హ్యాండిలు పోగుకు తగిలితే వీపు చిట్లుతుందని ఆమెకు తెలుసు. ఒక్కసారీ తగల్లేదు.

“మే, నీ కూతురు సూది బెజ్జంలో బండి తోల్తాండాది” అని పక్కింటక్క నవ్వేది.

పెద్దయ్యాక చీరల మూట క్యారియరు మీద కట్టుకొని ప్రొద్దుటూరు అంగడికి పోయేది. ఎదురుగాలిలో అంత బరువు లాగి లాగి కాళ్లు గట్టిపడ్డాయి. తొడలు లావుగా ఉన్నాయని బడిలో పిల్లలు ఎగతాళి చేస్తే ఏడుస్తూ వచ్చేది కాదు. “వాళ్ల కాళ్లు కుంచె పుల్లలు మా, మన కుంచెకు పనికొస్తాయి, తీసుకొద్దునా?” అనేది. తిండి కూడా అలాగే. పొద్దున ఉగ్గాని పెడితే చట్టి అడుగున మాడిన బొరుగులు కూడా గీకి తినేది. నోట్లో ముద్ద ఉండగానే, “నువ్వు తింటివా మా?” అని అడిగేది. ఎవరిని చూసినా ఆమె అడిగే మొదటి మాట అదే. పోస్టు ఇచ్చే ఆయననూ అడిగేది.

బడి ఆటల సారు కడపకు తీసుకుపోయాడు. అక్కడ గెలిచింది. తర్వాత కర్నూలు క్యాంపులో చేర్చుకున్నారు. ఆమెది చిన్న పందెం. గంగాళం అంచున గోలీ తిరిగినట్టు వాలుగా ఉండే గుండ్రటి బాట మీద రెండు మూడు చుట్లు బాణంలా పోవడం. దానికి కాళ్లలో బలం కావాలి, ఒంట్లో బరువు ఉన్నా పరవాలేదు. మూటలు లాగిన కాళ్లకు సరిపోయిన పందెం అది.

ఒక ఆదివారం ఇంటికి వచ్చి ఫోనులో చూపించింది. ప్రపంచ పోటీలట. నాలుగేళ్లకు ఒకసారి అన్ని రకాల సైకిలు పందేలూ ఒకే చోట పెడతారట. గుండ్రటి బాట మీద పోయేవాళ్లు, కొండ రోడ్లెక్కేవాళ్లు, అడవి బురదలో దిగేవాళ్లు, చిన్న సైకిళ్ల మీద గాలిలో పల్టీలు కొట్టేవాళ్లు ఉన్నారు. కాలు లేని మనిషి చేతులతో తొక్కుతున్నాడు. ఇంకొకచోట ఒక పిల్ల సైకిలు హ్యాండిలు మీద నిలబడి నాట్యం చేస్తోంది.

“ఇది సర్కసు గదా పాపా” అన్నాను.

“సర్కసే అనుకో మా. దేశాలన్నీ వస్తాయి ఆ సర్కసుకు. నేను పోతా సూడు.”

“పోయి యాడ పడుకుంటావు, ఏం తింటావు?”

“నీకు తిండి తప్ప ఇంకేం కనపడదా మా” అని నా బుగ్గ గిల్లింది.

నాకు నిజంగానే తిండి తప్ప ఇంకేమీ కనపడలేదు. అదే మంచిది.

ఎంపికలు జరిగినప్పుడు ఆమె పందెంలో మన దేశానికి ఉన్న చోటు వేరే రాష్ట్రపు పిల్లకు పోయింది. అందులో నాకు బాధ లేదు, ఆ పిల్ల గెలిచింది, పోయింది. అక్కడితో ఇంటికి పంపి ఉంటే నా బిడ్డ ఇవాళ మగ్గం పక్కన కూర్చొని ఉండేది. కానీ కొండ రోడ్డు పందెంలో ఒక చోటు ఖాళీగా ఉందట. మన ప్రాంతం నుంచి ఒక్క పిల్లైనా పోతే సంఘానికి పేరు, పెద్దాయనకు విమానం. పొట్టేలును తెచ్చి గుర్రాల పందెంలో కట్టాలనుకున్నారు. కొండెక్కాలంటే ఒళ్లు తేలిక కావాలన్నారు. ఆ తేలిక అన్న మాట అప్పటి నుంచి మొదలైంది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే నాకు రోత పుడుతుంది.

నేనూ మా ఆయనా ఒకసారి కర్నూలుకు పోయాం. సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, నువ్వుల ఉండలు గుడ్డలో కట్టుకొని బస్సెక్కాం. అక్కడ పొద్దున్నే పిల్లలను వరసగా నిలబెట్టి తూకం మిషను ఎక్కిస్తున్నారు. ఒక్కొక్కరి తూకం అందరికీ వినపడేలా అరిచి చెబుతున్నారు. తగ్గితే చప్పట్లు. పెరిగితే, “ఏం మే బస్తా, రాత్రి ఎవరింట్లో దినం భోజనం?” అని నవ్వుతున్నారు. నా బిడ్డ మిషను ఎక్కేముందు చెవుల కమ్మలు తీసి ఇంకో పిల్ల చేతిలో పెట్టడం చూశాను. ఆ కమ్మలు ఎంత బరువు ఉంటాయి? ఉమ్మడం కూడా చూశాను. నోట్లో ఉన్న నీళ్లు కూడా తూకంలో పడతాయని.

మా పనిలో తూకం తగ్గితే అది దొంగతనం. షావుకారు నూలు తూచి ఇస్తాడు, నేసిన చీర తూచి తీసుకుంటాడు. తగ్గిందంటే, “నూలు యాడికి పాయ?” అని నిలదీస్తాడు. అక్కడ తగ్గితే చప్పట్లు కొడుతున్నారు. ఇదేం లోకమని మా ఆయన నా ముఖం చూశాడు.

నేను తెచ్చిన మూట కోచ్ సారు చేతికి ఇచ్చాను. అతను మర్యాదగానే తీసుకున్నాడు. “అమ్మా, సంగటి తిని కొండెక్కడమంటే గుండు కట్టుకోని ఈదినట్లే. ఇంకొన్ని నెలలే, ఓర్చుకోండి” అన్నాడు. మేము గేటు దాటి, మరిచిన గుడ్డ కోసం వెనక్కి వస్తే, వంటగది వెనక గుంతలో మా ముద్దలు పడి ఉన్నాయి. ఊరిబిండి మీద ఈగలు ముసిరి ఉన్నాయి. పక్కనే మేజా మీద పిల్లలకు తిండి బదులు కలిపిచ్చే తీపి పొడి డబ్బాలు. వాటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పాలూ కాదు, మందూ కాదు, ఎండకు కాగిన ప్లాస్టిక్ బొమ్మల వాసన. గుడ్డ తీసుకోకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత రోజూ ఫోను చేసేది. “తింటి మా. నువ్వు తింటివా?” అనేది. ఏం తిన్నావంటే ఎప్పుడూ ఒకటే, “శానా తింటి మా.” తిన్న మనిషి ఏం తిన్నదో చెబుతుంది. తినని మనిషే శానా అంటుంది.

వేసవిలో రెండు పూటలు ఇంటికి పంపారు. వీధి మలుపులో వస్తున్నది ఎవరో గుర్తుపట్టలేదు. చొక్కా చేతుల్లో గాలి ఆడుతోంది. ముఖంలో పళ్లు పెద్దవయ్యాయి. నాటుకోడి పులుసు చేసి, సంగటి పెట్టాను. ముద్దను రేగిపండ్లంత ఉండలు చేసి పళ్లెం చుట్టూ పేర్చింది, తినలేదు. వాళ్ల నాయన నవ్వించబోయాడు. “పాపా, అవి కోళ్లకా, నీకా?” అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వడానికి కూడా ఆయాసపడింది.

“గంజి పట్టని పోగు మగ్గం మీద నిలవదే” అన్నాను. “మొదటి దెబ్బకే తెగుతాది.”

“నేను చీరను కాదు గదా మా” అంది. నా చేయి తన ఒళ్లో పెట్టుకుంది, ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. “ఆ దేశంలో కొండ దిగినాక తింటా. పళ్లెం నిండా పెట్టుకోని నీకు ఫోనులో చూపిస్తా తినేది. సూస్తావా?”

చూస్తానన్నాను. అదీ మా మాట.

శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఏం జరిగిందో నాకు చెప్పింది ఆమెతో పాటు తొక్కిన రాజంపేట పిల్ల. ఆ రోజు కొండ మీద చివరి పరీక్షట. దోర్నాల నుంచి ఎక్కడం. ముందు నాటి సాయంత్రం నుంచి ఇద్దరికీ నీళ్లు, అరటిపండు ముక్క. దారిలో నా బిడ్డ ఆ పిల్లను, “నువ్వు తింటివా?” అని అడిగిందట. తినలేదంటే, జేబులో దాచుకున్న బెల్లం ముక్క తీసి ఇచ్చిందట. వెనక జీపులో నుంచి, “తొక్కు తొక్కు, శిఖరం వచ్చేసింది” అని అరుస్తున్నారు. శిఖరం ఇంకా కొంచెం దూరం ఉండగా సైకిలు పక్కకు వాలింది. పడినట్టు లేదమ్మా, పడుకున్నట్టు ఉండింది, అని చెప్పి ఆ పిల్ల నా ఒళ్లో తల పెట్టుకుంది. ఒంట్లో ఉప్పు లేదు, గుండె ఆగింది అని డాక్టరు చెప్పాడు. ఉప్పు. మా ఇంట్లో ఉట్టి మీద కుండ నిండా ఉంది.

ఆమెను బండిలో నుంచి మా ఆయన ఒక్కడే ఎత్తుకున్నాడు. ఎవరినీ రానివ్వలేదు. ఎవరి అవసరమూ రాలేదు కూడా.

పరామర్శకు వచ్చిన వాళ్లలో సంఘం పెద్దాయన నా ముందు చేతులు జోడించి, “శిఖరం దగ్గర పోయింది తల్లీ, పుణ్యాత్మురాలు. శిఖరం చూసినోళ్లకు మల్ల జన్మ లేదు” అన్నాడు. నేను లేచి దొడ్లోకి పోయి కక్కుకున్నాను. నాకు ఆ బిడ్డ మళ్లీ పుట్టాలి. మళ్లీ పుట్టకుండా చేసిన కొండకు దండం పెట్టమంటాడా ఇతను?

దినం నాడు కూడా వచ్చాడు, పదిమందిని వెంటేసుకొని. బ్యానరు ఆ రోజే కట్టారు. గోడ మీద కాకికి ఆకు వేశాం. ఉగ్గాని, బజ్జీలు, సంగటి, కోడి పులుసు, ఆమె వద్దన్నవీ అడిగినవీ అన్నీ పెట్టాం. ఎంతసేపటికీ కాకి రాలేదు. వేపచెట్టు మీద రెండు కూర్చొని చూస్తున్నాయి, దిగడం లేదు. పోయిన వాళ్ల కోరిక ఏదో మిగిలింది, తీరుస్తామని చెప్పండి అన్నారు పెద్దలు. పెద్దాయన ముందుకు వచ్చి, కాకుల వైపు తిరిగి, నా బిడ్డతోనే మైకులో మాట్లాడినట్టు చెప్పాడు. “అమ్మా, నీ పేరున ప్రతి ఏడూ పోటీలు పెడతాం. ఇది నా మాట.” కాకి రాలేదు. ఆయన నొచ్చుకోకుండా వెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నాడు. ముక్కలు ఏరుకొని ఏరుకొని తిన్నాడు. ఎముక చప్పరిస్తూ, “ఉప్పు కొంచెం తక్కువ” అన్నాడు.

నా భర్త మాటలు తక్కువ మనిషి. మగ్గం చప్పుడే ఆయన మాట. గోడ దగ్గర నుంచి ఆ కాకుల వైపే చూస్తూ అన్నాడు.

“వాటికి గూడా ఎవురో చెప్పినట్లుండారప్పా, తింటే బరువు పెరుగుతాయని.”

పెద్దాయన చేయి ఆకు మీద అలాగే ఉండిపోయింది. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. నాకు తెలుసు. అందరి ఆకులూ లాగి వీధిలో పారేయాలనిపించింది. పారేయలేదు. అన్నం పారేసే ఇల్లు కాదు మాది. పారేసేవాళ్లు ఎవరో మీకు చెప్పాను.

కొన్నాళ్లకు కోచ్ సారు ఒక్కడే వచ్చాడు. చెప్పులు విడిచి గుమ్మం బయటే కూర్చున్నాడు. పోటీకి నేను రాకపోతే బాగుండదన్నాడు. తన మీద పైవాళ్ల ఒత్తిడి అన్నాడు, పాపంటే తనకూ ప్రాణమన్నాడు. నేను పళ్లెంలో సంగటి పెట్టి ఆయన ముందు పెట్టాను.

“ఇప్పుడే తినొస్తిమ్మా” అన్నాడు.

“నా బిడ్డ గూడా అట్లనే చెప్తాండె సార్.”

తల వంచుకొని తిన్నాడు. తినేవరకూ ఎదురుగా నిలబడ్డాను. తర్వాత అడిగాను.

“నేను మీకు ఇచ్చిన బిడ్డ తూకం ఒకటి. మీరు నాకు తిరిగి ఇచ్చిన తూకం ఒకటి. మధ్యలో నూలు యాడికి పాయ సార్?”

అతను ఏడ్చాడు. చూస్తే జాలి కలగాలి. నాకు కలగలేదు. ఆ ఏడుపు కూడా రోతగానే ఉంది. నా బిడ్డ ఉన్నప్పుడు ఆ నీళ్లు ఎక్కడ పెట్టుకున్నాడు? కానీ అతను ఉండగానే నా మనసుకు ఒకటి తోచింది. నేను పేరు ఇవ్వకపోయినా వాళ్లు పందెం ఆపరు. వేరే పేరు పెడతారు, వేరే పిల్లలను మిషను ఎక్కిస్తారు. అందుకని చెప్పాను. పేరు ఇస్తా. పందెం మా వీధి నుంచి మొదలు కావాలి. తూకం మిషను మా ఊరి పొలిమేర లోపలికి రాకూడదు. పొద్దున మా ఇంటి ముందు కూర్చొని కడుపు నిండా తిన్న పిల్లే సైకిలు ఎక్కాలి. నేను జెండా ఊపను, గరిటె పట్టుకుంటాను. ఇది ఒప్పుకుంటేనే నా బిడ్డ పేరు. లేకపోతే బ్యానరు నేనే చింపుతా.

పెద్దాయన ఇంకా ఊ అనలేదు. తినొచ్చిన పిల్లలు కొండెక్కలేరని ఎవరితోనో అన్నాడట. ఎక్కకపోతే దిగొస్తారు. దిగొచ్చే బిడ్డే నాకు కావాలి.

మొన్న రాజంపేట పిల్ల వచ్చింది. క్యాంపు మానేసిందట. మేము పడుగు చాపి ఉన్నాం, నా బిడ్డ పోయాక మళ్లీ చాపిన మొదటి పడుగు. ఆ పిల్ల గోడ పక్క సందు చూసి, “అక్క తొక్కింది ఇందులోనేనా?” అని అడిగి, సైకిలు ఎక్కింది. సగం దూరం బాగానే పోయింది. అక్కడ హ్యాండిలు వణికి, మోచేయి పోగులకు రాసుకుంది. పిల్ల భయపడి దిగేసింది. ఎవరూ తిట్టలేదు. మా ఆయన పోయి తెగిన పోగులను ఒక్కొక్కటీ ముడివేశాడు. ఆ పిల్ల మోచేతికి అంటిన గంజి నేను నా కొంగుతో తుడవలేదు. అది ఎండలో తెల్లగా ఆరుతూ ఉంటే, అదే చేత్తో సంగటి తింది. రెండో ముద్ద అడిగింది.

ఇంతదాకా చదివారు. ఇప్పుడు లేచి పోయి కడుపు నిండా తినండి.